మా మామ ముక్కు

మా మామ పోయాడన్న ఫోను వచ్చినప్పుడు నేను తొమ్మిదో తరగతికి ఘర్షణ పాఠం చెబుతున్నాను. అరచేతులు రెండూ గట్టిగా రుద్ది చెంపలకు ఆనించుకోమన్నాను. నలభై మంది పిల్లలు చెంపల మీద చేతులు పెట్టుకుని నా వైపే చూస్తుండగా బల్ల మీద ఫోను వణికింది. మా ఆయన. "నాయన లేడు" అన్నాడు. "లేకుంటే పాలంగడి కాడ చూడు, యాడికి పోతాడు" అన్నాను. క్లాసు మధ్యలో ఫోను చేశాడని నాకు విసుగు. ఫోన్లో వెనక మా అత్త ఏడుపు వినిపించింది. అయినా నాకు అర్థం కాలేదు. పిల్లలు మాత్రం చెంపల మీది చేతులు తీసేశారు.

పొద్దున ఏడున్నరకు నేను బండి తీసేటప్పుడు ఆయన గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. పదీ ఇరవైకి లేడు. కాఫీ తాగి, పేపరు మడిచి, ఛాతీలో ఏదో పట్టేసినట్టుందని మా అత్తతో చెప్పి మంచం మీద వాలాడట. ఆటో పిలిచేలోపు అయిపోయింది. ఇన్ని రోజులైనా ఆ మూడు గంటలు నా బుర్రలోకి ఎక్కడం లేదు. మనిషి పోవడానికి అంత తక్కువ సమయం సరిపోతుందా?

మీలో ఎవరికీ మా మామ తెలియదు. లారీ డ్రైవరు. పేపర్లో ఫోటో పడే మనిషి కాదు. మరెందుకు రాస్తున్నానంటే, పోయే ముందురోజు సాయంత్రం ఆయన్ను నేనొక మాట అన్నాను. వీధిలో, నలుగురూ వింటుండగా అన్నాను. దాన్ని వెనక్కి తీసుకునే వ్యవధి నాకు దొరకలేదు. నాది ముందునుంచీ నోటి దురుసు, అది స్కూల్లో పిల్లల్ని అడిగినా చెబుతారు. కానీ ఈసారి నా నోరు చేసిన పని నేనే మోయలేకుండా ఉన్నాను.

మా మామ వాళ్ళది కెంచనగుడ్డ. తుంగభద్ర ఒడ్డున మడి ఉంది, ఇప్పటికీ వరి పండుతుంది. ఆయనకు మాత్రం చిన్నప్పటినుంచి మడిలో దిగడం కంటే లారీ ఎక్కడమే ఇష్టం. వడ్ల బస్తాలు తోలాడు, పత్తి తోలాడు, తర్వాత చాలా ఏళ్ళు గనుల దగ్గర ఎర్ర మట్టి తోలాడు. మోకాళ్ళు అరిగాక లారీ అమ్మేసి, మా అత్తతో కలిసి బళ్ళారి గాంధీనగర్లో మా ఇంటికి వచ్చేశాడు. లారీ అమ్మినా లారీ అలవాట్లు అమ్మలేదు. స్నానం చేసినా చెవి వెనక కొంచెం ఎర్రగానే ఉండేది. నడిచేటప్పుడు కూడా మలుపు తిరిగే ముందు వెనక్కి చూసేవాడు.

ఇంక ఆ ముక్కు. అబ్బ, ఏం ముక్కు అది! వరండాలో కూర్చుని, వీధిలో పోయే బండ్ల జాతకాలు చెప్పేవాడు. ఎవరి కారో మా గేటు దాటి పోతుంది, ఈయన పేపరు మీద నుంచి తల ఎత్తకుండానే "దానికి ఎనక ఎడంపక్క బ్రేకు పట్టుకున్యాది" అనేవాడు. మా ఆయన నవ్వేవాడు. సాయంత్రానికి ఆ కారు వీధి చివర జాకీ మీద ఎక్కి కనిపించేది, వెనక ఎడంపక్క. వంటింట్లో పోపు ఇంకా మాడకముందే గేటు దగ్గర నుంచి కేకేసేవాడు, "యామే, మెంతులు! దించు!" అని. మా అత్త గరిటె పట్టుకుని బయటికి వచ్చి, "పోలీసు కుక్కను కట్టుకున్యానమ్మా నేను" అనేది నాతో.

నాకు తోరణగల్లు అవతల పల్లెలో హైస్కూలుకు బదిలీ అయినప్పుడు నా వయసు నలభై ఒకటి. ఫ్యాక్టరీ బస్సులు వాళ్ళ మనుషుల్ని తప్ప ఎక్కించుకోవు. ప్రైవేటు బస్సు దిగి మళ్ళీ ఆటో ఎక్కేసరికి ప్రార్థన అయిపోయేది. మా ఆయనకు స్టీరింగు అంటే భయం. లారీ డ్రైవరు కొడుక్కి స్టీరింగు భయమేమిటని అడగకండి, ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. చివరికి మా మామే అన్నాడు, "పాపా, నువ్వే నేర్చుకో. నేను నేర్పిస్తా. స్వల్ప ధైర్యం చేసుకో" అని. సెకండ్ హ్యాండులో ఒక చిన్న కారు కొన్నాం. పక్క సీటులో ఆయన, తొడ మీద తువ్వాలు, కాళ్ళ దగ్గర నీళ్ళ సీసా. నేను పొరపాటు చేసినప్పుడల్లా ఆ సీసా మూత తిప్పేవాడు తప్ప నోరు తెరిచి తిట్టేవాడు కాదు.

మూడో రోజో నాలుగో రోజో, రైల్వే వంతెన ఎక్కుతుంటే ఆయన ముక్కు ఎగబీల్చాడు. నాకింకా ఏ వాసనా తెలియలేదు. "క్లచ్చు మింద నుంచి కాలు తీయి పాపా. అదేమన్నా పీటనా, కాలు పెట్టుకోని కూచోనీకి?" అన్నాడు. నేను తీశాను. అప్పుడు వచ్చింది వాసన, కాయితాలు కాలినట్టు. ఆ రోజు బండి పక్కన ఆపించి, గట్టు మీద కూర్చోబెట్టి ఆయన చెప్పిన పాఠం నేను బీయీడీలో కూడా వినలేదు.

"రబ్బరు కాలిన వాసన అంటారు అందరూ. అన్నీ ఒకటి కాదు. బెల్టు జారితే పొద్దున్నే స్టార్టు చేస్తానే కీచుమంటాది, వాసనొస్తాది, మళ్ళ తగ్గిపోతాది. క్లచ్చయితే ఎత్తెక్కేటప్పుడు. బ్రేకయితే చక్రం కాడ సెగ ఉంటాది, చెయ్యి ఎనక్కి తిప్పి దగ్గర పెట్టు, తాకొద్దు. ఆయిలు సైలెన్సరు మింద కారితే నీలం పొగ. వైరు కాలితే మాత్రం లోపలే, నీ ముందరే, ముక్కు మండిపోతాది. వైరయితే ఆలోచన చెయ్యొద్దు. ఆపు, దిగు. బండి పోతే పోనీ, నువ్వు దిగు."

బండి పోతే పోనీ, నువ్వు దిగు. ఇది ఆయన ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు. వర్షం వచ్చినా, పంక్చరయినా, ఫోను చేస్తే ముందు ఇదే మాట. కొత్తలో నవ్వొచ్చేది. లారీ మీద ప్రాణం పెట్టుకుని బతికిన మనిషి బండి పోతే పోనీ అంటాడేమిటని.

రెండేళ్ళ కిందట ఆయనకు పెద్ద జ్వరం వచ్చింది. పది రోజులు మంచం దిగలేదు. లేచాక సన్నబడ్డాడు, మాట తగ్గించాడు. నాకు మాత్రం ఒక మార్పు తెగ నచ్చింది. అంతకుముందు బండిలో ఏ వాసన వచ్చినా టక్కున చెప్పేసేవాడు. జ్వరం తర్వాత చెప్పడం మానేసి అడగడం మొదలుపెట్టాడు. బండిలో కూర్చునేవాడు, కళ్ళు మూసుకునేవాడు, పెద్దగా ఊపిరి పీల్చేవాడు. తర్వాత మూడు ప్రశ్నలు. "ఎప్పుడొస్తాది? యాడ ఎక్కువొస్తాది? నిలబెడితే పోతాదా, ఉంటాదా?" నేను జవాబు చెబితే ఇంకొంచెం అడిగేవాడు. "ఎట్లుంటాది? వెంట్రుక కాలినట్లనా, ప్లాస్టిక్కు కాలినట్లనా?" చివరికి జవాబు నా నోటే వచ్చేది. "అంతే, బరాబర్!" అని తొడ చరిచేవాడు.

మురిసిపోయాను నేను. నలభై దాటిన కోడలికి వేలు పట్టి నేర్పిస్తున్నాడు, ఇంతకంటే మంచి మాస్టరు ఎవరుంటారు అనుకున్నాను. ఆ మూడు ప్రశ్నలూ నా సైన్సు క్లాసులో బోర్డు మీద రాశాను. ఏ ప్రయోగం చేసినా ఎప్పుడు, ఎక్కడ, ఆపితే పోతుందా అని అడగండిరా అని పిల్లలకు చెప్పాను.

ఒకసారి కెంచనగుడ్డలో మడి చూసుకుని నేనొక్కదాన్నే తిరిగి వస్తున్నాను. సిరుగుప్ప దాటాక రబ్బరు కాలిన వాసన మొదలైంది. భయమేసి పక్కకు ఆపి ఫోను చేశాను. "దిగినావా ముందు?" అన్నాడు. దిగాను. నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి తిప్పి పెట్టమన్నాడు. ముందువి మామూలుగానే ఉన్నాయి. వెనకవి రెండూ పెనంలాగా సెగలు కక్కుతున్నాయి. "రెండూ ఎనకవేనా? అయితే బండికేం రోగం లేదు పాపా. హ్యాండు బ్రేకు బరాబర్ దించినావా చూడు" అన్నాడు. చూస్తే సగం లేచే ఉంది! ఊరి పొలిమేర నుంచి అలాగే తోలుకొచ్చాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది. మరునాడు స్టాఫు రూములో గొప్పగా చెప్పాను, మా మామ ఫోన్లోనే వాసన పట్టేస్తాడని. హిందీ టీచరు నోరు తెరుచుకుని విన్నది.

ఇప్పుడు చెప్పు సంగతి చెప్పాలి. లారీల వెనక పాత చెప్పు వేలాడుతుంటుంది, చూసే ఉంటారు. దిష్టి తగలకుండా కడతారు. మేం కారు కొన్న రోజే మా మామ పాత హవాయి చెప్పొకటీ బైండింగు వైరు ముక్కా పట్టుకుని వచ్చాడు. నేను గయ్యిమన్నాను. "మామా, పొద్దున లేస్తే దిష్టి లేదు, దయ్యం లేదని పిల్లలకు చెప్పేదాన్ని. నా బండికే చెప్పు కడితే వాళ్ళు నవ్వరా?" ఆయన వాదించలేదు. "సరేలే పాపా, వద్దంటే వద్దు" అని చెప్పు చంకలో పెట్టుకుని పోయాడు. నేను గెలిచాననుకున్నాను.

రెండు నెలల కిందట తోరణగల్లు రోడ్డులో ఒక లారీ నా పక్కనుంచి దూసుకుపోతూ అద్దం ఊడగొట్టుకుపోయింది. ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పాను, ఒక చెవి తెగిందని. మా ఆయన నవ్వాడు. మా మామ నవ్వలేదు. ఏ పక్క, ఎంత సందు ఉండింది అని అడిగి, చేత్తో ఆ సందు కొలిచి చూపించమన్నాడు. జానెడు చూపించాను. ఆ జానెడునే చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు.

చివరి వారం, సోమవారం స్కూలు నుంచి వస్తుంటే మొదలైంది వాసన. గట్టిగా, గొంతు పట్టుకునేలా రబ్బరు కాలిన వాసన. ఇంటిముందు ఆపగానే కేకేశాను, మామా వచ్చి చూడమని. ఆయన వచ్చి కూర్చున్నాడు. కళ్ళు మూసుకున్నాడు, ఊపిరి పీల్చాడు. "ఎప్పుడొస్తాది?" అన్నాడు, మామూలుగానే.

నాకు ఆకలి. సంచీలో రెండు సెక్షన్ల పేపర్లు దిద్దడానికి ఉన్నాయి. "ఎప్పుడూ వస్తాంది! ఇప్పుడూ వస్తాంది. నన్నడిగేదేంది మామా, నువ్వే కూచున్యావు కదా. ఉందా లేదా, ఒక్క మాట చెప్పు" అన్నాను.

ఆయన నా ముఖం చూశాడు. ఇంకోసారి ఊపిరి పీల్చాడు. "నాకేం వాసన రాలేదు పాపా" అన్నాడు.

వీధిలో పోతున్న పక్కింటామె కూడా ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. ఈయనకు రాలేదట! నాకు ఒళ్ళు మండింది. అంటే నేను లేని వాసన ఊహించుకుంటున్నానా? విసురుగా లోపలికి పోయాను.

మంగళవారం ఆయన్ను అడగలేదు. ఆయన నేర్పినట్టే నేనే మొదలుపెట్టాను. పొద్దున చల్లని బండి స్టార్టు చేస్తే కీచుమనలేదు. స్కూలు దగ్గరి మెకానిక్కు మేస్త్రీ మాత్రం బెల్టే అన్నాడు, మార్చాడు కూడా. వాసన పోలేదు. వంతెన ఎక్కేటప్పుడు ఎక్కువ కాలేదు, అంటే క్లచ్చు కాదు. నాలుగు చక్రాలూ ఒకే సెగ. నీలం పొగ లేదు. లోపల ముక్కు మండడం లేదు, వైరు కాదు. ఇంటిముందు ఆపి, దిగి, పక్కన నిలబడ్డాను. నిలబెడితే పోతాదా, ఉంటాదా? నిలబెట్టాక ఎక్కువైంది. అంటే వేడెక్కినదాని మీద ఏదో కూర్చుని కాలుతోంది. అంటే కింద, సైలెన్సరు పైపు మీద. లెక్క తెగింది. నిజం చెబుతున్నాను, ఆ నిమిషం నాకు చాలా గర్వంగా అనిపించింది. మా మామకు చిక్కనిది నాకు చిక్కింది కదా అని.

ఇంకా వెలుతురు ఉంది. గోనెసంచీ పరిచి, వీధిలో వాళ్ళు చూస్తున్నా లెక్కచేయకుండా బండి కిందికి దూరాను. ఫోను లైటు వేశాను. పైపుకు అంటుకుని నల్లగా, జిగటగా ఏదో ఉంది. దాని కొసకు బైండింగు వైరు వేలాడుతోంది. ఇంకో కొసన నీలం పట్టీ, బొటనవేలి దగ్గర తెగినచోట పిన్నీసు.

ఆ పిన్నీసు పెట్టింది నేనే. కొత్తవి కొనుక్కో మామా అని పోరుపెడితే వినకుండా ఆ పాతవాటినే ఈడ్చుకు తిరిగేవాడని నేనే పెట్టాను. అద్దం ఊడిన రెండు రోజులకు ఉన్నట్టుండి కొత్త చెప్పులు కొనుక్కున్నప్పుడు నా మాట విన్నాడనుకున్నాను. నాకు కనబడకుండా, పిల్లలకు కనబడకుండా బండి కింద కట్టాడు. వైరు వదులై, స్పీడు బ్రేకర్లకు జారి, పైపు మీద పడింది.

పైకి లేచాను. చెయ్యి నల్లగా ఉంది. మా మామ గేటు దగ్గర, మా అత్త మెట్ల మీద, అటూ ఇటూ ఇళ్ళవాళ్ళు. నాది ముక్కు మీది కోపం. అంతా వెళ్ళగక్కాను.

"ఊరందరి బండ్ల వాసన పట్టే ముక్కు నీ చెప్పు కాలితే పట్టలేదా? రెండు దినాలుగా కాలుతాంది మొర్రో అని మొత్తుకుంటే రాలేదంటివే! బండితో పాటు నన్నూ కాల్చి సంపుదామనా? ఇంగ ఆ ముక్కు ఉండి ఏం లాభం మామా, కోసి పారెయ్యి! ఇంగ నా బండిని ముట్టొద్దు నువ్వు!"

ఆయన చెయ్యి ముక్కు దాకా వెళ్ళి ఆగింది. "తప్పాయ పాపా. లారీ లెక్క అనుకుంటి. కింద అంత తావుంటాదనుకుంటి" అన్నాడు. మా అత్త ఏదో చెప్పబోయింది. ఆయన కంటితో వద్దన్నాడు. అది నేను చూశాను. చూసి కూడా పట్టించుకోలేదు.

మరునాడు పొద్దున ఏడున్నరకు ఆయన గేటు దగ్గర నిలబడ్డాడని చెప్పాను కదా. రోజూ నేను బయలుదేరేటప్పుడు బానెట్టు మీద రెండుసార్లు తట్టేవాడు, ఎద్దును తట్టినట్టు. "పోయిరా" అనేది నాకు కాదు, బండికి. ఆ రోజు చేతులు రెండూ వెనక్కి కట్టుకుని గేటు లోపలే నిలబడ్డాడు. ముట్టొద్దన్నాను కదా. నేను చూశాను. చూసి ఏమనుకున్నానో తెలుసా? బుద్ధొచ్చిందిలే అనుకున్నాను. ఆయన బతికుండగా నేను ఆయన గురించి అనుకున్న ఆఖరి సంగతి అది.

ఫోను వచ్చాక హిందీ టీచరు తోడు వచ్చింది. నేనే తోలాను, ఎలా తోలానో గుర్తులేదు. చెప్పును ముందురోజే పీకేసినా, పైపుకు కరిగి అంటుకున్నది పూర్తిగా రాలేదు. దారంతా అదే వాసన. హిందీ టీచరు కర్చీఫు ముక్కుకు పెట్టుకుని ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. ఏదో పొరపాటు జరిగింది, ఇంటికి పోగానే గేటు దగ్గర ఉంటాడు, ఈసారి నేనే ముందు పలకరిస్తాను అని లోపల లోపల అనుకుంటున్నాను. తోరణగల్లు దగ్గర ఫ్యాక్టరీ బస్సులు వరసగా పోతుంటే హారను కొట్టి కొట్టి చెయ్యి నొప్పి పుట్టింది.

గేటు దగ్గర కుర్చీలు వేసి ఉన్నాయి. హాల్లో చాప మీద పడుకోబెట్టారు. గడ్డానికి గుడ్డ కట్టారు. ముక్కు రంధ్రాల్లో దూది పెట్టారు. అందరికీ అలాగే పెడతారు, నాకు తెలుసు. కానీ ఆ దూది చూడగానే నా మాటే నాకు వినిపించింది. కోసి పారెయ్యి అన్నాను కదా. గుమ్మం దగ్గరే కూలబడిపోయాను.

మూడో రోజు, వచ్చినవాళ్ళంతా పోయాక, వంటింట్లో మా అత్త దగ్గర కూర్చుని అదే చెప్పి ఏడ్చాను. అట్ల అనకుండా ఉండాల్సింది అత్తా, ముక్కు కోసుకోమన్నాను అత్తా అని. ఆమె పొయ్యి కట్టేసి నా వైపు తిరిగింది.

"ఆయనకు ముక్కు యాడుండాది పాపా? ఆ జ్వరం వచ్చినప్పుడే పాయ. రెండేండ్లుగా ఆయనకు పువ్వు వాసనా తెలీదు, పెంట వాసనా తెలీదు. కాఫీ అని ఇస్తే వేన్నీళ్ళ మాదిరి తాగినాడు."

"మరి నాకెందుకు చెప్పలేదు అత్తా?" అన్నాను.

"నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్యాడు. 'వాసనొస్తాంది మామా అని పాప పరిగెత్తుకోని నా కాడికే వస్తాది. ముక్కు లేదని తెలిస్తే ఇంగెందుకొస్తాది?' అన్యాడు. ఆ లారీ నీ అద్దం ఊడబెరికినాక రెండు రాత్రులు నిద్దరపోలేదు. 'నా ముక్కుతో కాచుకుంటాంటి. అది పాయ. చెప్పన్నా కాచుకోనీలే' అని కట్టినాడు. మోకాళ్ళు నొప్పులని ఏడుస్తానే బండి కిందికి దూరినాడు."

అప్పుడు ఒక్కొక్కటీ వచ్చి మీద పడ్డాయి. జ్వరం తర్వాత వంటింట్లో పాలు పొంగి మాడిపోతుంటే పక్క గదిలో పేపరు చదువుకుంటూ కూర్చున్నాడు. పాచిపోయిన చారు గమ్మున తినేశాడు. మెంతుల కేక ఎప్పుడు ఆగిపోయిందో నేను గమనించనే లేదు. వయసు మీదపడి మెత్తబడ్డాడనుకున్నాను. నేను సైన్సు టీచర్ని! గమనించండి గమనించండి అని రోజూ అరుస్తాను.

ఆ మూడు ప్రశ్నలు నాకు పాఠం కాదు. అవి ఆయనకు కర్ర. నా ముక్కు పట్టుకుని ఆయన నడిచాడు. నేను ఎప్పుడు, ఎక్కడ, ఎలా అని చెబుతుంటే, ఆ మాటల్లోంచి యాభై ఏళ్ళ వాసనలు గుర్తు తెచ్చుకుని నాకు దారి చూపించాడు. రెండేళ్ళలో ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. నేను జవాబు చెప్పకుండా విసుక్కున్న ఒక్క సోమవారం తప్ప. ఆ రోజు కర్ర లాగేసుకుని, నడువు అన్నాను. నడవలేకపోయాడు. ఏదో ఒకటి చెప్పి గట్టెక్కాలి కాబట్టి రాలేదన్నాడు. నాకు ఒక్క ముక్క ముందే తెలిసి ఉంటే! చెప్పొచ్చు కదా మామా, అని కోపం కూడా వస్తుంది. ముక్కు లేకపోతే నీ దగ్గరికి రానా నేను? మరి నేను వచ్చేదాన్నో కాదో నాకే తెలియదు. అదే భయంగా ఉంది.

పదకొండో రోజు అయ్యాక ఆయన పనిముట్ల పెట్టె తెరిచాను. స్పానర్లు, నూనె గుడ్డలు, బైండింగు వైరు చుట్ట. అడుగున పేపరులో చుట్టి రెండో కాలి చెప్పు. దాని పట్టీ తెగలేదు. దాన్ని కడిగి, బండి వెనక బంపరుకు, సైలెన్సరుకు దూరంగా, రెండు మెలికలు ఎక్కువే వేసి కట్టాను. దిష్టి ఉందని ఇప్పటికీ నమ్మను. కట్టాను, అంతే. స్కూల్లో తొమ్మిదో తరగతి పిల్లలు చూశారు. "టీచర్, చెప్పు!" అన్నాడొకడు. "అవును, మా మామది" అన్నాను. ఎవరూ నవ్వలేదు.

పైపుకు అంటుకున్నది వైరు బ్రష్షుతో గీకేస్తానన్నాడు మేస్త్రీ. వద్దన్నాను. ఆ రెండు రోజులు ముక్కు మూసుకుని తోలిన వాసనే కదా అది. మళ్ళీ స్కూలుకు పోవడం మొదలుపెట్టాక రోజూ వచ్చేది. మొదటి రోజు తోరణగల్లు దాకా వచ్చింది. తర్వాత వంతెన దాకా. తర్వాత ఇంటిముందు ఆపాక మాత్రం, కాసేపు. రోజూ ఆపి, దిగకుండా కూర్చుని చూసుకునేదాన్ని. ఎప్పుడొస్తాది, యాడ ఎక్కువొస్తాది, నిలబెడితే పోతాదా ఉంటాదా అని పైకే అడుక్కుని, పైకే జవాబు చెప్పుకునేదాన్ని. మా అత్త మెట్ల మీద నుంచి చూసి గమ్మున లోపలికి పోయేది.

నిన్న సాయంత్రం గేటు ముందు ఆపాను. అద్దాలు ఎక్కించాను. పక్క సీటులో ఆయన తువ్వాలు ఇంకా అలాగే ఉంది. ఆయన లాగే కళ్ళు మూసుకుని పెద్దగా ఊపిరి పీల్చాను. ఇంకోసారి పీల్చాను.

నాకేం వాసన రాలేదు, మామా.